పావు అంగుళం ఎడమకు

మనిషి ముఖంలో ఏ పనీ చేయకుండా సమస్త గౌరవాలూ అనుభవించే భాగం చుబుకం ఒక్కటే. కన్ను చూస్తుంది, ముక్కు గాలి పీలుస్తుంది, నోరు తన శక్తికొద్దీ నష్టం చేస్తుంది. చుబుకం మాత్రం అందరికన్నా కింద ఆసీనమై, పైవాళ్ళ భారమంతా తానే మోస్తున్నట్టు గంభీరంగా ఉంటుంది. అయినా అధికారం వచ్చిన ప్రతివాడూ మొట్టమొదట పైకెత్తేది దానినే. నాణెం మీద తన ముఖం ముద్రించుకున్న ప్రభువులలో ఒక్కడైనా వంకర చుబుకంతో టంకశాల గడప దాటినట్టు ఎక్కడా దాఖలా లేదు. పంతొమ్మిది వందల అరవైలో, పంచాయతీ సమితులు కొత్తగా పుట్టిన రోజుల్లో, ఈ సత్యాన్ని గోదావరికి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు గ్రహించారు. ఈ ఒడ్డున పెద్దపల్లి పక్క గ్రామపు చొక్కారావు దొర. ఆ ఒడ్డున మంచిర్యాలలో నర్సింగ్ హోం పెట్టుకున్న డాక్టర్ దేవదాస్. కథ డాక్టరుది, చుబుకం దొరది.

దేవదాస్ కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదులో చదివి, సముద్రం దాటి రెండేళ్ళు దవడ ఎముకల శస్త్రచికిత్స నేర్చుకొని వచ్చాడు. విశాలమైన చుబుకాన్ని సన్నబరచడం, పక్కకు ఒరిగినదాన్ని నడిమికి తేవడం, వెనక్కి తగ్గినదాన్ని ముందుకు పిలవడం అనే మూడు విద్యల్లోనూ ఆయనకు గురువు చేతి సర్టిఫికెట్టు ఉంది. అంతటి విద్యతో వచ్చి మంచిర్యాలలో మూడేళ్ళు ఆయన చేసిన పనులు పుప్పిపళ్ళు పీకడం, సెగగడ్డలు కోయడం, బొగ్గుబావుల్లో చితికిన వేళ్ళకు కట్లు కట్టడం. చుబుకం బాగు చేస్తానని ఆయన తానుగా చెప్పినా జనం ఆయనను జాలిగా చూసి, నోరు తెరిచి, నొప్పిపెట్టే పన్ను మీద వేలు పెట్టేవారు. విదేశం నుంచి తెచ్చుకున్న సన్నరంపాన్ని ప్రతి ఆదివారం ప్రార్థన అయిన తరువాత పెట్టెలోంచి తీసి, నూనె పూసి, మళ్ళీ మఖమలు గుడ్డలో పడుకోబెట్టేవాడు. ఒక్క చుబుకం దొరికితే చాలుననీ, దొరక్కపోతే తన చదువు ఆ పెట్టెలోనే తుప్పుపట్టిపోతుందనీ ఆయనకు నిద్రలో కూడా తెలుసు.

ఆ ఒక్క చుబుకం ఒక బుధవారం ఉదయం పది గంటల ప్యాసింజరులో గోదావరి వంతెన దాటి వచ్చింది.

దొరతనం కాగితాల మీద రద్దయి పదేళ్ళు దాటినా చొక్కారావు ముఖం మీద ఇంకా కొనసాగుతూనే ఉంది. ఆయన చుబుకం కోటలాంటి ఆయన గడి ముందరి అరుగంత విశాలం. దాని మీద ఇద్దరు కూర్చొని తీరిగ్గా మాట్లాడుకోవచ్చని ఊరిలో అనేవారు. వెడల్పుతో ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా అది ఎడమకు ఒరిగి ఉండడంతోనే. ఆయన అర్జీలు వింటుంటే ఎడమ పక్క నిలబడ్డవాడు తన పని అయిపోయిందని సంతోషంగా ఇంటికి పోయేవాడు. కుడి పక్కవాడు దొర తన మాట నమ్మలేదని దిగులుపడి రెండవసారి మొదలుపెట్టేవాడు. ఇన్నేళ్ళూ ఆ అసౌకర్యాన్ని జనమే భరించారు గనుక ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడు ముప్పై ఒక్క గ్రామాలు కలిసి ఆయనను పోటీ లేకుండా సమితి ప్రెసిడెంటును చేశాయి. పదవి స్వీకరించే రోజున కరీంనగర్ నుంచి ఫోటోగ్రాఫరు వస్తాడు. ఆ ఫోటోను తలుపంత పెద్దది చేసి సమితి హాలులో తగిలిస్తారు. రాబోయే ప్రెసిడెంట్లందరూ దాని కింద కూర్చొని తరిస్తారు. పెళ్ళినాటి ఫోటో మొదలు మొన్నటి అభినందన కరపత్రం దాకా తన చుబుకం ప్రతి పటంలోనూ ఎడమ చట్రం వైపు ప్రయాణం కట్టి ఉండడం చూసిన చొక్కారావు, గోదావరి అవతల చుబుకాలు బాగుచేసే డాక్టరు ఒకడున్నాడని విని బయలుదేరాడు. ఫోటోకు ఇంకా మూడు నెలల గడువుంది.

"డాక్టర్ సాబ్, నా గదుమ ఎడమకు పోయింది," అన్నాడు ఆయన కుర్చీలో కూర్చుంటూనే. "మొన్న మొన్న పోయింది గాదు, చిన్నప్పటిసంది గట్లనే ఉన్నది. దాన్ని నడిమికి తెస్తవా?"

"తెస్త దొరా," అన్నాడు దేవదాస్, పన్ను పీకే పట్టకారును సొరుగులో వేసి మూస్తూ.

దొర వెనుక కుర్చీలో ఆయన తల్లి ఇందిరాదేవి కూర్చొని ఉంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. సన్నగా, నిటారుగా, తన మాటకు ఎదురు వినడం అలవాటు లేనట్టు ఉంటుంది. తమ వంశంలో వెడల్పు గదుమలు ఉన్నాయి గాని వంకర గదుమ ఎవరికీ లేదనీ, వీడొక్కడికే ఇలా ఎందుకయిందో తెలియదనీ ఆమె చెప్పింది. కొడుకును ఆమె ఎంత శ్రద్ధగా పెంచిందో కూడా చెప్పింది. ఐదవ ఏట మొదలు ఈ నలభై ఏళ్ళూ ప్రతి ఉదయం స్నానం కాగానే అతని నొసట నామం ఆమె స్వహస్తాలతో దిద్దవలసిందే. అమ్మవారు పోసిన రోజుల్లో కూడా మానలేదు. బోడినొసలు అద్దంలో చూసుకోరాదని ఆమె పెట్టిన నియమాన్ని కొడుకు ఇంతవరకు మీరలేదు. సమితి ప్రెసిడెంటు ఈ సంగతి పరాయివాడి ముందు బయటపడినందుకు కిటికీలోంచి రైలు పట్టాల వైపు చూశాడు.

దేవదాస్ చికిత్స వివరించాడు. కింది పెదవిని ముందుకు లాగి, లోపలి చిగుళ్ళ దగ్గర కోసి, ఎముక దాకా పోవాలి. బయట గీత కూడా కనిపించదు. పళ్ళ వేళ్ళకు కిందుగా చుబుకపు ఎముకను రంపంతో అడ్డంగా కోయాలి. విడివడిన ముక్కను కావలసినంత కుడికి జరిపి, ఉక్కు తీగతో పైఎముకకు బిగించి, మళ్ళీ కుట్టాలి. ఆరు వారాల్లో ఎముక అతుక్కుంటుంది. ఫోటో నాటికి వాపు తీసిపోతుంది. చొక్కారావు ఇదంతా తన పొలంలో కాలువ మళ్ళించే పథకం వింటున్నంత నిబ్బరంగా విన్నాడు.

"జర వెడల్పు గూడ ఉన్నది దొరా," అన్నాడు దేవదాస్ ఆశ చంపుకోలేక. "నడిమిల చిన్న ముక్క తీసేసి, రెండు దిక్కుల ఎముకను దగ్గరికి జరిపితే..."

"వెడల్పు మా తాతది. దాని జోలికి పోకు. గా వంకరొక్కటి తియ్."

మూడు విద్యల్లో ఒకటి అక్కడే వీగిపోయింది. అయినా మిగిలినది చాలు.

ఈ శాస్త్రంలో అన్నింటికన్నా కష్టమైన పని ముఖానికి మధ్యరేఖ గీయడం. గురువుగారి దేశంలో దానికోసం ఇత్తడి పరికరం ఒకటి తలకు బిగించి అరగంట సేపు మరలు తిప్పేవారు. ఇక్కడ రోగి తన మధ్యరేఖను తానే, అదీ ఎర్రని తిరుచూర్ణంతో, పది అడుగుల దూరానికి కనిపించేలా గీయించుకొని వచ్చాడు. శాస్త్రానికి ఇంత సిద్ధంగా సహకరించే ఆచారం పరదేశాల్లో ఎక్కడా లేదని దేవదాస్‌కు గర్వం కలిగింది. ఇత్తడి పరికరాన్ని పెట్టెలోంచి తీయనేలేదు. పైగా ఆయన క్రైస్తవుడు. పెద్దింటి వైష్ణవుని నొసటి మీద అనుమానం పడడం మర్యాద కాదు. ఎదురుగా ఫోటో తీయించి, నామం వెంబడి పెన్సిలుతో గీతను చుబుకం దాకా దించి చూశాడు. చుబుకం సరిగ్గా పావు అంగుళం ఎడమకు ఉంది. పెదవుల నడిమి లోతు కూడా కొంచెం ఎడమకే ఉంది, పళ్ళ నడిమి సందు కూడా. ముక్కు మొన కూడా అటే మొగ్గింది. దొర ముఖమంతా కుటుంబంతో సహా ఎడమకు వలసపోయిందని నిర్ధారించి, అందులో తన శాస్త్రం కిందికి వచ్చే భాగం మీదనే ఆయన దృష్టి నిలిపాడు. ముక్కు తన చదువు కాదు.

అసలు ఎముక మీద చెయ్యి వేసే ముందు చేతికి సాధన కావాలి. అందుకు దేవదాస్ నిర్మల్ నుంచి బొమ్మలు చెక్కే సిద్దిరాములును పిలిపించాడు. పొణికి కర్ర మెత్తనిది, తేలికైనది; అందులో చొక్కారావు కింది దవడను ఉన్నదున్నట్టు ఏడుసార్లు చెక్కమన్నాడు. దొర రెండవసారి మంచిర్యాల వచ్చినప్పుడు సిద్దిరాములు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముఖాన్ని దారంతోనూ వేళ్ళతోనూ కొలిచాడు. నలభై ఏళ్ళుగా దేవుళ్ళనూ చిలకలనూ ఒకే శ్రద్ధతో చెక్కినవాడు గనుక దొరను కూడా వాటిలో ఒకటిగానే తిప్పి తిప్పి చూశాడు. వారం రోజుల్లో మొదటి దవడ వచ్చింది. గీతలు, పళ్ళు, నరం బయటికి వచ్చే రెండు చిన్న రంధ్రాలు, అన్నీ అద్భుతంగా ఉన్నాయి. వంకర మాత్రం లేదు.

"ఇది సక్కగున్నది గద సిద్దిరాములూ," అన్నాడు దేవదాస్.

"దొర గదుమ సక్కగనే ఉన్నది సాబ్."

దేవదాస్ పెన్సిలు గీతతో ఉన్న ఫోటో చూపించాడు. సిద్దిరాములు దాన్ని దూరంగా పట్టుకొని చూసి తిరిగి ఇచ్చేశాడు.

"గీత ముచ్చట నాకు తెల్వది. నేను కర్ర చూస్త, రంగు చూడ. రంగేసేది మా ఇంట్ల ఆడోళ్ళు."

దేవదాస్ చిరునవ్వు నవ్వాడు. తరతరాలుగా దొరల ముందు చేతులు కట్టుకున్న వృత్తి అది. దొర ముఖంలో లోపం చెక్కడానికి ఆ ఉలి ఒప్పుకోదని అర్థం చేసుకున్నాడు. ఈ దేశంలో విజ్ఞానం ఎదగకపోవడానికి ఇటువంటి మొహమాటమే కారణమని కూడా అనుకున్నాడు. ఇకపై మొహమాటం లేకుండా చుబుకాన్ని పావు అంగుళం ఎడమకు వంచమన్నాడు.

"వంచుమంటే వంచుత సాబ్. కర్రదేమున్నది, చెప్పినట్టు ఇంటది," అని సిద్దిరాములు మొదటి దవడను సంచిలో వేసుకొని పోయి, పక్షం రోజుల్లో ఏడు వంకర దవడలు తెచ్చి ఇచ్చాడు.

ఆ తరువాతి రెండు వారాలూ నర్సింగ్ హోం వెనుక గదిలో చుబుక మహాయజ్ఞం జరిగింది. మొదటి దవడలో రంపం పళ్ళ వేళ్ళలోకి ఎక్కింది. రెండవదానిలో నరం రంధ్రం తెగింది; అదే మనిషి అయితే జన్మంతా పెదవికి మెతుకు అంటుకున్నా తెలిసేది కాదు. మూడవ, నాలుగవ దవడల్లో కోత కుదిరింది గాని ముక్క తీగకు నిలవలేదు. ఐదవది పరవాలేదు. ఆరవదాన్ని నలభై నిమిషాల్లో కోసి, పావు అంగుళం కుడికి జరిపి, బిగించి, గురువుగారు చూస్తే ఆనందంతో ఏడుస్తారన్నంత అందంగా ముగించాడు. ఏడవదాన్ని కోయడానికి మనసొప్పక బల్ల మీద పెట్టుకున్నాడు. కర్ర పొట్టు ఊడ్చేది ఆయా ఐలవ్వ. సారుకు ఈ మధ్య బొమ్మల పిచ్చి పట్టిందనీ, పన్ను పీకే చెయ్యికి మాత్రం ఏం కాలేదనీ ఆమె వచ్చిన రోగులకు ధైర్యం చెప్పి లోపలికి పంపేది.

ముహూర్తం ఇందిరాదేవి పెట్టించింది. ఆ ఉదయం నర్సింగ్ హోం వరండా మీద, మెట్ల మీద, ఎదుటి చాయ హోటలు బల్లల మీద సమితి సర్పంచులు ముప్పై ఒక్కరూ దిగబడ్డారు. ఎవరో సన్నాయినీ డోలునూ కూడా వెంట తెచ్చారు గాని, ఎముక తెగేటప్పుడు ఏ రాగం వాయించాలో తెలియక వాయించేవాళ్ళు పక్కన బీడీలు కాల్చుకుంటున్నారు. ఇందిరాదేవి గదిలో కొడుకుకు యథావిధిగా నామం దిద్ది, అతన్ని డాక్టరుకు అప్పగించి, వరండాలో కుర్చీ వేయించుకొని కూర్చుంది.

లోపల చొక్కారావు బల్ల మీద వెల్లకిల పడుకున్నాడు. దేవదాస్ చేతులు కడుక్కొని, దవడ మొద్దుబారే మందును సూదిలోకి ఎక్కించుకొని, గదిలో ఏ మూల నుంచి వెలుతురు ఎలా పడుతుందో చూసుకుంటున్నాడు. ఆయన చేతులు వణకడం లేదు. ఆ సంగతి ఆయనే గమనించి మెచ్చుకున్నాడు.

ఐలవ్వ పళ్ళెంలో సబ్బునీళ్ళు, స్పిరిటు తెచ్చింది. దొర ముఖం మీద చెయ్యి వేయడానికి కొంచెం జంకి, "దొరా, నామం తుడువాలె. పురుగులుంటయని సారు చెప్పిండు," అంది. అమ్మ పెట్టిన నామంలో పురుగులు ఉండవని దొర అన్నాడు గాని కళ్ళు మూసుకొని ఒప్పుకున్నాడు. ఆమె నొసలు మొదలు మెడదాకా రెండుసార్లు కడిగి, గుడ్డతో అద్ది, పక్కకు తప్పుకొంది.

"కడిగితె ఏం వంకర లేదు గద సారూ," అంది వెళుతూ వెళుతూ.

దేవదాస్ సూదితో ముందుకు వంగి అలాగే నిలిచిపోయాడు. ఎర్ర గీత లేని ఆ ముఖం ఆయనకు పరిచయం లేని ముఖం. రెండు కనుబొమల నడిమి నుంచి ముక్కు నేరుగా దిగింది. ముక్కు కింద పెదవుల లోతు, దాని కింద పళ్ళ సందు, దాని కింద గడి అరుగంత చుబుకం, సైన్యంలో సిపాయిల్లా ఒకే వరుసలో నిలబడి ఉన్నాయి. సూది పళ్ళెంలో పెట్టి, కుట్లు వేసే పట్టుదారం తీసి, దాని కొసకు చిన్న ఇనుప పట్టకారు కట్టి, రోగిని లేపి కూర్చోబెట్టి, కనుబొమల నడిమి నుంచి వేలాడదీశాడు. దారం చుబుకం నడిమి గుంటను ముద్దు పెట్టుకున్నట్టు తాకి నిలిచింది. ఇత్తడి పరికరం తెచ్చి బిగించాడు. మరలు తిప్పాడు. అది కూడా దారం పక్షమే మాట్లాడింది.

అప్పుడు ఫోటో తీసి మళ్ళీ చూశాడు. నామం పై మొన నొసటి నడిమిలోనే ఉంది. కింది మొన మాత్రం, ముక్కు మొదట్లో, ఒక్క నువ్వుగింజంత కుడికి జరిగింది. అక్కడ నువ్వుగింజ, ఆ వాలు మీదనే ఆయన పెన్సిలు చుబుకం దాకా దిగేసరికి అది పావు అంగుళం. ఆ నువ్వుగింజ మీద ఏడు దవడలు, ముప్పై ఒక్క గ్రామాలు, రెండేళ్ళ విదేశీ విద్య నిలబడి ఉన్నాయి.

దేవదాస్ అద్దం తెచ్చి దొర చేతికి ఇచ్చాడు. చొక్కారావు నియమం గుర్తొచ్చి మొదట ముఖం తిప్పుకొని, తరువాత చూశాడు. చాలాసేపు చూశాడు.

"గీ ముఖం ఎవలది?"

"మీదే దొరా. నామమే జర పక్కకున్నది."

"నామం మా అమ్మ పెడ్తది."

"అవును దొరా."

వరండాలోంచి ఇందిరాదేవి ఎవరినో మంచినీళ్ళు తెమ్మని ఆజ్ఞాపించడం వినిపించింది. చొక్కారావు అద్దాన్ని బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్పై ఒక్క గ్రామాలకు ప్రెసిడెంటుగా కాక, నామం కోసం కూర్చొనే పిల్లవాడిలా గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆమెకు చెప్పకు డాక్టర్ సాబ్. డెబ్బై రెండేండ్లు. మోకాళ్ళు నొస్తున్నా గీ ఒక్క పనికే పొద్దుగాల లేస్త అంటది. నలభై ఏండ్లు నీ చెయ్యి వంకరున్నదే అమ్మా అని ఎట్ల చెప్తం?" ఆగి, బల్ల మీద మెరుస్తున్న రంపం వైపు చూశాడు. "ఒక పని చెయ్. అన్నీ తయారు పెట్టుకున్నవు గద. గదుమనే కొయ్యి. నామం ఎటుంటె అటు జరుపు. లెక్క సరిపోతది."

దేవదాస్ తన జీవితంలో ఇంత న్యాయమైన కోరిక వినలేదు. దొర మాటలో తప్పు పట్టవలసినదేదీ లేదు. లోకం ఆ ముఖాన్ని నామంతోనే చూస్తుంది. నామం రేపు కూడా అలాగే దిద్దబడుతుంది. దాని దారిలోకి చుబుకాన్ని జరిపితే చూసేవాళ్ళకు ముఖం చక్కబడుతుంది. రోగి తానే అడుగుతున్నాడు. జనం బయట వేచి ఉన్నారు. రంపం నూనెతో నిగనిగలాడుతోంది. మూడేళ్ళుగా దేవుణ్ణి అడిగిన వరం బల్ల మీద కూర్చొని, కోయమని బతిమాలుతోంది. ఈ రోజు పోతే మరో చుబుకం ఈ జన్మలో రాకపోవచ్చు. ఆయన రంపం చేతిలోకి తీసుకున్నాడు. దాని బరువు చూశాడు. తరువాత దాన్ని తీసుకుపోయి మఖమలు గుడ్డలో పెట్టాడు.

"సక్కగున్న ఎముకను కొయ్య దొరా," అన్నాడు. అన్నది తానేనా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

చొక్కారావు బల్ల మీద కుంగి కూర్చున్నాడు. దేవదాస్ పెట్టె మూత వేసి, దాని మీదే కూర్చొని, ఇక చేయగలిగిందేమీ లేక, వైద్యుడు అడగవలసిన ప్రశ్నలన్నీ ఆలస్యంగా అడగడం మొదలుపెట్టాడు. నామం ఏ పుల్లతో పెడతారు? వెండి పుల్ల. చూపు ఎలా ఉంది? గద్ద చూపు, పక్క గదిలో బియ్యంలో రాయి కనిపిస్తుంది. చెయ్యి వణుకుతుందా? లేదు. ఎక్కడ కూర్చొని పెడుతుంది?

"మంచం మీద. నా కుడి దిక్కు."

"కుడి దిక్కు ఎందుకు? ఎదురుంగ కూసోదా?"

"ఎదురుంగ మా చెల్లె ఉయ్యాల ఉంటుండె," అన్నాడు చొక్కారావు.

ఆ చెల్లెలికి ఇప్పుడు ముగ్గురు పిల్లలు. ఉయ్యాల విప్పి ముప్పై తొమ్మిదేళ్ళయింది. అయినా అది ఉన్న చోటును గౌరవించి తల్లీకొడుకులు ఈనాటికీ పక్కకే కూర్చుంటున్నారు. పక్కనుంచి చేయి చాచి దిద్దే మనిషి పుల్లను తనవైపు లాక్కుంటుంది. అది చేతి దోషం కాదు, కూర్చున్న చోటు దోషం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవదాస్ మొదట నవ్వాడు. ప్రెసిడెంటు పదవి మర్యాదకోసం కొంతసేపు ఓర్చుకొని, తరువాత ఆయన కూడా నవ్వాడు.

అయితే అంత ఘనమైన శస్త్రచికిత్స ఐదు నిమిషాల్లో ముగిస్తే ముప్పై ఒక్క గ్రామాలకు అవమానం. అందుచేత నిర్ణీత సమయం దాకా లోపలే ఉండాలని ఇద్దరూ తీర్మానించుకున్నారు. ఐలవ్వ వెనుక తలుపు నుంచి చాయ తెచ్చింది. దొర పొద్దుటినుంచి ఉపవాసం ఉన్నందున ఆమె తన సద్ది రొట్టె కూడా సగం పెట్టింది. ప్రెసిడెంటు దాన్ని తన నిర్దోషమైన దవడతో నమిలి, జొన్నలు ఎక్కడివని అడిగాడు.

నలభై నిమిషాలు కాగానే దేవదాస్ వరండాలోకి వచ్చాడు. జనం లేచి నిలబడ్డారు. సన్నాయివాడు బీడీ పారేశాడు. దేవదాస్ అబద్ధం ఆడకూడదని ముందే అనుకున్నాడు. ఆయన ఇందిరాదేవి దగ్గరికే పోయి, కత్తి పెట్టే అవసరం పడలేదనీ, కుట్టూ కట్టూ ఏమీ లేవనీ, వంకర పోయిందనీ చెప్పాడు.

"ఒక్క జాగ్రత్త ఉన్నది అమ్మా. ఇప్పటిసంది నామం పెట్టెటప్పుడు మీరు ఎదురుంగ కూసోవాలె. పక్కనుంచి పెడితె గదుమ మళ్ళ పక్కకు పోతది."

ఇందిరాదేవి ఆయనను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో ఎంత తెలిసిందో, ఎంత తెలియలేదో దేవదాస్ తరువాత ఎన్నిసార్లు తలచుకున్నా తేల్చుకోలేకపోయాడు.

"గంతేనా? పీట జరుపుమనెటందుకు ఇంత పెద్ద దవాఖాన ఎందుకు కట్టిచ్చినవు నాయనా?" అంది ఆమె.

అని లేచి, లోపలికి పోయి, డాక్టరు చెప్పిన మందును డాక్టరు ముందే వేసింది. కొడుకుకు ఎదురుగా స్టూలు వేయించుకొని, వెండి పుల్లతో పైనుంచి కిందికి ఒక్క గీత లాగింది. నిజంగానే చెయ్యిలో వణుకు లేదు. చొక్కారావు వరండాలోకి వచ్చి నిలబడేసరికి ముప్పై ఒక్క గ్రామాల నోళ్ళు తెరుచుకున్నాయి. నామం, ముక్కు, మీసం, చుబుకం, అన్నీ ఒక్క తాటి మీద ఉన్నాయి. ఎడమ పక్కవాడికీ కుడి పక్కవాడికీ దొర సమానంగా కనిపించాడు. సన్నాయికి ఏ రాగమో అప్పుడు తోచింది.

సాయంత్రం బండి పెద్దపల్లి చేరేలోపు ఆ చికిత్స పురాణమైపోయింది. డాక్టరు దొర గదుమను ఊడదీసి, కడిగి, మళ్ళీ పెట్టాడని ఒకరు. మంత్రించిన దారం వేలాడదీస్తే అదే జరిగి వచ్చిందని ఇంకొకరు. ముఖం కడిగింది తానేనని ఐలవ్వ చెప్పింది గాని, గొప్ప వైద్యాల పక్కన ఆయాల గొప్పలు ఎప్పుడూ ఉండేవేనని ఎవరూ వినలేదు. మరుసటి వారం రెండు జిల్లాల నుంచీ పందొమ్మిది మంది మంచిర్యాలకు వచ్చారు. పందొమ్మిది మందీ కత్తి పెట్టకుండా పన్ను పీకే డాక్టరును వెతుక్కుంటూ వచ్చారు.

దేవదాస్ వాళ్ళందరికీ మామూలుగానే పళ్ళు పీకాడు. రంపానికి ఆదివారాలు నూనె పూయడం కూడా మానలేదు. తన చేత కోయించుకోకుండా తన చదువుకు పరువు దక్కించిన ఆ ఒక్క చుబుకం పట్ల ఆయనకు చెప్పలేని మమకారం ఏర్పడింది. సమితి హాలులో తగిలించే ఫోటోకు ఒక ప్రతి తనకూ పంపమని చొక్కారావుకు ఉత్తరం రాశాడు. రోగులు కూర్చొనే గదిలో ఎదుటి గోడ మీదున్న క్యాలెండరు తీసేసి, సున్నం వేయించి, మేకు కొట్టించి ఉంచాడు. జరిగిన చికిత్సకు ఆ ఫోటో ఒక్కటే సాక్ష్యం. అది వచ్చాక ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని ఉండదు.

పదవీ స్వీకారం జరిగిన పదో రోజున పార్సిలు వచ్చింది. ఐలవ్వ సుతిలి తాడు విప్పుతుంటే ఆగలేక దేవదాస్ తానే కత్తెర తెచ్చాడు. సమితిలోని ముప్పై ఒక్క గ్రామాలూ ప్రెసిడెంటుకు తలా ఒక దండ వేశాయట. ఒక్కటి తీసినా ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారని అన్నీ ఉండగానే ఫోటో తీశారట. చొక్కారావు గారి ముక్కు కిందినుంచి అంతా బంతిపూలే.